కుడి కనుబొమ్మ మీద గాటు

మా ఇంట్లో ఒక భూతం ఉంది. నాకంటే పది నెలలు చిన్నది.

నా పనిగదిలో బల్లకి ఎదురుగా, గోడకి చెక్కపట్టీల మధ్య బిగించి ఉంటుంది. ఒళ్ళంతా పొలుసులు, కొడవళ్ళంత గోళ్ళు, నోటినిండా ఎవరూ లెక్కపెట్టలేనన్ని పళ్ళు. రెండు చేతులూ చాచి చీకటి గుహలోంచి బయటికి వస్తూ ఉంటుంది. దాని ముందు ఒక పడుచు నోరంతా తెరిచి కేకపెడుతూ వెనక్కి పడిపోతూ ఉంటుంది. పైన నెత్తురోడుతున్న అక్షరాల్లో ‘ఏడో గుహ’ అని సినిమా పేరు. ఆ సినిమా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. రెండు వారాలు ఆడి పోయిందట. పోస్టరు మాత్రం మిగిలింది. దాన్ని గీసింది మా నాన్న.

నాన్న చేతిమీదుగా యాభై పైచిలుకు భూతాలు పుట్టాయి. తేళ్ళు, గబ్బిలాలు, సముద్రంలోంచి లేచిన జిగురుముద్దలు, ఒకసారి మనుషుల్ని మింగే తివాచీ కూడా. వాటిలో ఒక్క సినిమా కూడా ఆయన ముందుగా చూడలేదు. ఎవరూ చూపించేవాళ్ళు కాదు. సినిమా కంపెనీవాళ్ళు ఒక కవరు పంపేవాళ్ళు. అందులో నాలుగు ఫోటోలు, సినిమా పేరు, ‘జనం హడలిపోవాలి’ అని ఒక చీటీ ఉండేవి. మిగతాదంతా గీసేవాడి నెత్తి మీదే. కష్టపడి గీసిన బొమ్మ కింద సంతకం పెట్టుకునే భాగ్యం కూడా లేదు. ప్రెస్సు పేరు పడేది, ఆర్టిస్టు పేరు పడేది కాదు.

మోడళ్ళని పిలిపించుకునే స్తోమత వాళ్ళలో ఎవరికీ లేదు కాబట్టి ఎవరింట్లోవాళ్ళే వాళ్ళకి దిక్కు. నాన్నతో పనిచేసిన ఒకాయన వదినగారు పదహారు సినిమాల్లో భూతాల చేతిలో చచ్చిపోయింది. ఇంకొకాయన బావమరిది గోడగోడకీ శవమై వేలాడేవాడు, పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి గుర్తుపట్టి ‘మిమ్మల్ని ఎక్కడో చచ్చిపోయి ఉండగా చూశాను’ అన్నాడట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ ముఖం నేను ఎరగను. నాకు ఏడాది దాటి మూడు నెలలప్పుడు ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పెళ్ళిఫోటోని పెద్దది చేయించి గోడకి పెట్టుకుందామని నాన్న ఒక ఫోటో స్టూడియోవాడికి ఇచ్చాడు. ఆ మహానుభావుడు దాని మీద కుంచెతో చెయ్యి చేసుకుని, కళ్ళకి కాటుక తీర్చి, పెదవులకి రంగు దిద్ది, ఎవరో సినిమాతారని తయారుచేసి పంపాడు. అసలు ఫోటో ఏదని అడిగితే మందునీళ్ళలో పాడైపోయిందన్నాడు. నాన్న ఆ తారని స్టూడియో గుమ్మంలోనే వదిలేసి వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో అమ్మ గురించి మాటే లేదు. నేను అడిగితే నాన్న కుంచెలు కడుక్కునేవాడు. కడిగిన కుంచెల్నే మళ్ళీ కడిగేవాడు.

నన్ను పెంచిన మేనత్త ఒక్క గుర్తు చెప్పింది. “మీ అమ్మకి ఎడమ కనుబొమ్మ మీద గాటుండేదే. చిన్నప్పుడు మెట్టు మీద పడిందట. అక్కడ వెంట్రుక మొలవలేదు, తెల్లగా అడ్డగీతలా ఉండేది” అంది. అంతకంటే ఏం చెప్పమన్నా “చక్కగా ఉండేది” అనేది. చక్కగా ఉండేది అన్న మాట పట్టుకుని మనిషిని ఎలా ఊహించుకోవాలి?

అందుకని నేను పోస్టర్లలో వెతకడం మొదలుపెట్టాను. భూతాల ముందు కేకలు పెడుతున్న ఆ పడుచుల్లో ఎవరో ఒకరు మా అమ్మ అయ్యుండాలి. ఇంట్లో అంత చక్కటి మనిషిని పెట్టుకుని నాన్న పక్కింటావిణ్ణి గీస్తాడా? పాత సినిమాహాళ్ళు మూతపడుతున్నప్పుడు వాటి సామానుగదుల్లో దుమ్ము పీల్చుకుంటూ తిరిగాను. పాతకాగితాల దుకాణాల్లో కట్టలు విప్పించాను. నాన్న గీసినవి నలభై మూడు దొరికాయి. నలభై మూడు పోస్టర్లలోనూ కేకపెట్టే ప్రతి ఆడదాని ఎడమ కనుబొమ్మనీ భూతద్దం పెట్టి చూశాను. అన్నీ నున్నగా, వంపు తిరిగి ఉన్నాయి. మా అమ్మ ఎక్కడా లేదు.

ఇలా కాగితాల మధ్య పడి తిరిగి తిరిగి అదే నా బతుకుతెరువైంది. చిరిగిన, చివికిన, పురుగు తిన్న పాతకాగితాల్ని బాగుచేస్తాను. మెత్తని గంజితో వెనక పలచటి కాగితం అతికించి, రంగు పోయినచోట మళ్ళీ రంగు నింపుతాను. ఈ విద్య నాకు నేర్పినావిడ మొదటిరోజే ఒక నియమం పెట్టింది. నింపే రంగు నీళ్ళరంగే అయ్యుండాలి, ఎప్పుడైనా ఎవరైనా తడిదూదితో తుడిచేస్తే పోవాలి. “నువ్వు బాగుచేశావనుకున్నది తప్పని రేపు తేలొచ్చు. అప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఉండాలి” అనేది. అప్పట్లో నాకు ఇరవైరెండేళ్ళు. నేను తప్పు చెయ్యడమేమిటని లోపల నవ్వుకున్నాను.

ఆ వయసులో నేను మొట్టమొదట బాగుచేసింది ‘ఏడో గుహ’నే. అది నాలుగు మడతలుగా మా ట్రంకుపెట్టె అడుగున ఉండేది. నాకు రెండేళ్ళప్పుడు నాన్న దాన్ని నా మంచానికి ఎదురుగా గోడకి అతికించాడట. నేను దాన్ని చూసి గుక్కపట్టి ఏడ్చి, దుప్పట్లో దూరి, రెండురోజులు అన్నం ముట్టలేదట. “పసిదాని గదిలో భూతాన్ని పెట్టడానికి నీకు బుద్ధుందా” అని మేనత్త నాన్నని దులిపేస్తే, ఆయన మారుమాట్లాడకుండా గోడ తడిపి, కాగితం ఊడదీసి, ఆరబెట్టి, మడిచి పెట్టెలో పెట్టేశాడట.

ఇరవై ఏళ్ళ తర్వాత నేను మడతలు విప్పేసరికి కొసలు పిండైపోయి ఉన్నాయి. నెలన్నర కూర్చుని బాగుచేశాను. ఒక మడత భూతం నుదుటి పక్కనుంచి పోయింది, దాని కుడి కనుబొమ్మ మీద రంగు లేచిపోయి తెల్లటి అడ్డగీత పడింది. అక్కడ నలుపు, ముదురాకుపచ్చ కలిపి వెంట్రుకకి వెంట్రుక నింపాను. నా మొదటి పనిలో నాకు నచ్చిన ముక్క అదే. నాన్నని పిలిచి చూపించాను.

ఆయన దగ్గరికి వచ్చి, దాని కనుబొమ్మ మీద వేలు పెట్టి, అటూ ఇటూ తడిమి చూశాడు.

“ఇక్కడ మడత దగ్గర రంగు పోయింది నాన్నా. నింపేశాను. తెలుస్తోందా?”

“తెలియట్లేదు” అన్నాడు. “చెయ్యి తిరిగింది నీకు.”

టీ పెట్టాను తాగమంటే తర్వాత తాగుతానని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నాన్న నోటివెంట నేను విన్న మెప్పు అదొక్కటే. దాన్ని ముప్ఫైఆరేళ్ళుగా, కనిపించినవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోతున్నాను.

నాన్న పోయి పందొమ్మిదేళ్ళైంది. ఈమధ్య సినిమా మ్యూజియంనుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాత భూతాల పోస్టర్లన్నీ కలిపి ఒక గది నిండా పెడుతున్నారట, ఈసారి గీసినవాళ్ళ పేర్లు కూడా రాస్తారట. పేరు రాస్తామన్న మాట వినగానే నేను కరిగిపోయి, ‘ఏడో గుహ’ని శాశ్వతంగా ఇచ్చేస్తానని ఒప్పుకున్నాను. లోకంలో ఇంకో ప్రతి ఉన్నట్టు ఎవరూ వినలేదు. శుక్రవారం వ్యాను పంపుతామంది.

మంచి పిల్లే గానీ చదువు కాస్త ఎక్కువైంది. పోస్టరు ముందు నిలబడి చేతులు కట్టుకుని, “రెండు లోపాలున్నాయి మేడమ్, అయినా గొప్ప పని” అంది.

“ఏమిటవి?” అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

“భూతం ఆ అమ్మాయి మీదకి వస్తోంది కదా, కానీ చూపు అమ్మాయి మీద లేదు. ఎక్కడో కిందకి, నేలమీదకి చూస్తోంది. ఇంకోటి, అమ్మాయి నోట్లో కింద రెండు పళ్ళే ఉన్నాయి.”

రెండూ కొత్త సంగతులు కావు. పళ్ళ విషయంలో ఆ సినిమాలో వేసిన నటి ప్రెస్సుకి వచ్చి యాగీ చేసిందని చెప్పుకునేవాళ్ళు. చూపు గురించి ఎవరైనా అడిగితే నాన్న “అది దాని ఇష్టం” అనేవాడు. నేనూ ఆ పిల్లతో అదే అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, వెళ్ళబోతూ, “ఈ అమ్మాయికి మోడల్ ఎవరో తెలిస్తే అదీ రాస్తాం మేడమ్” అంది.

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఆ పడుచు ఎడమ కనుబొమ్మ నేను వందసార్లు చూశాను. అయినా మరొక్కసారి అడగాలనిపించింది. అడగడానికి లోకంలో ఒకే ఒక్క మనిషి మిగిలి ఉన్నాడు, ఆయనకి ఎనభైఎనిమిదేళ్ళు.

నాన్న బొమ్మలు గీస్తే అక్షరాలు రాసింది ఆయన. నేను బాబాయ్ అంటాను. నెత్తురోడే అక్షరాలు, మంట పట్టిన అక్షరాలు, సాలెగూళ్ళ అక్షరాలు ఆయన సొత్తు. ఇప్పుడు కూతురింట్లో మేడ మీద గదిలో ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి ఆ కూతురు సరుకుల చీటీని అద్దం ముందు పట్టుకుని చదువుకుంటోంది.

“చూశావా అక్కా, ఇంకా తిరగేసే రాస్తాడు. కొట్టువాడికి చీటీతోపాటు అద్దం కూడా పంపాలి మేము” అంది.

ఆ రోజుల్లో పోస్టర్లని ముద్రణరాయి మీద గీసి అచ్చు తీసేవాళ్ళు, రాయి మీద రాసింది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడి పడుతుంది. అందుకని నలభై ఏళ్ళు ఆయన అక్షరాల్ని తిరగేసే రాశాడు. చెయ్యి ఇంక తిన్నగా రాయనని మొండికేసింది.

బాబాయ్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మనిషి ఎండి ఒరుగైపోయాడు, నోరు మాత్రం పచ్చగా ఉంది.

“ఏం తల్లీ, ఇవాళ ఎవరి కనుబొమ్మ చూపించడానికొచ్చావ్?”

“‘ఏడో గుహ’ మ్యూజియంకి ఇచ్చేస్తున్నా బాబాయ్. శుక్రవారం తీసుకెళ్తారు. ఆ కేకపెట్టే అమ్మాయి ఎవరో చెప్తావా? అమ్మ కాదని ఎన్నిసార్లో చెప్పావు. పోనీ ఎవరో చెప్పు, పేరు రాస్తారట.”

ఆయన ముఖంలో నవ్వు పోయింది.

“ఇచ్చేస్తున్నావా? ఇంట్లోంచి పంపించేస్తున్నావా?”

“నా తర్వాత దాన్ని ఎవరు చూస్తారు చెప్పు. అక్కడైతే నాన్న పేరుంటుంది.”

బాబాయ్ కిటికీ ఊచని గోరుతో గీరుతూ కూర్చున్నాడు. తర్వాత, “మీ నాన్నకి మాటిచ్చాను. ఆయన పోయాక చెబుదామనుకున్నా. నువ్వొచ్చి ప్రతిసారీ ‘ఈ అమ్మాయి మా అమ్మేనా, ఆ అమ్మాయి మా అమ్మేనా’ అని అడిగావు. కాదు అన్నాను, నిజమే చెప్పాను. ‘ఇందులో మా అమ్మ ఉందా’ అని నువ్వెప్పుడూ అడగలేదు” అన్నాడు.

ఆయన కుర్చీ దగ్గరికి జరిగాను. “ఉందా?”

“మీ అమ్మకి కేక పెట్టడం చేతకాదమ్మా. ‘నోరు తెరిచి అరవు’ అంటే ఫక్కున నవ్వేసేది. మీ నాన్న నాలుగుసార్లు ప్రయత్నించి మానుకున్నాడు. ఆ పడుచులంతా ఎవరెవరో, మా ఆవిడ కూడా ఉంది ఒకదాంట్లో. ఆ ‘ఏడో గుహ’కి కవర్లో వచ్చిన ఫోటో చూడాలి నువ్వు. ఎవడో రబ్బరుతొడుగు వేసుకుని నిలబడ్డాడు. కళ్ళ స్థానంలో కోటుగుండీలు. అది చూసి నేను పడీపడీ నవ్వుతుంటే మీ నాన్న తలపట్టుకున్నాడు. ‘పళ్ళు, గోళ్ళు ఎన్నైనా పెడతానురా, దానికి కళ్ళేవీ? మీదకి వచ్చేదానికి మనమంటే ఆశ ఉండాలి, లేకపోతే ఎవడు హడలుతాడు’ అన్నాడు.”

“మరి ఆ కళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చాడు?” అన్నాను.

“అప్పటికి మీ అమ్మ జబ్బు బయటపడి రెండు నెలలు. పసిపిల్లని దగ్గరికి రానివ్వద్దు, ముట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. మీది ఒకటే గది. ఈ గోడకి మీ అమ్మ మంచం, ఆ గోడ దగ్గర నేలమీద నువ్వు. మధ్యలో మీ నాన్న సుద్దముక్కతో గీత గీశాడు. నువ్వు పాకుతూ వెళ్ళిపోతావని నడుముకి మెత్తటి గుడ్డ చుట్టి బల్లకాలికి కట్టారు. నువ్వు అమ్మ కావాలని ఏడ్చేదానివి. మీ అమ్మ మంచమ్మీద కూర్చుని నీకేసి రెండు చేతులూ చాచేది. చాచి, మళ్ళీ తనే వెనక్కి తీసుకునేది. నేను చూశాను తల్లీ. ముఖాలు, చేతుల వరకు గియ్యడానికి చిన్న రాయి చాలని, ప్రెస్సునుంచి ఆ రాయిని మీ ఇంటికి మోసుకొచ్చింది నేనే. నా నడుము అప్పుడే పోయింది.”

“రాయి ఇంటికెందుకు?”

“ఆ చూపు చూస్తూ నేరుగా రాయి మీదే గీశాడు. నువ్వు అటుపక్క గుక్కపట్టి ఏడుస్తున్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. ‘నువ్వు మనిషివేనా అన్నయ్యా, పిల్ల ఏడుస్తుంటే బొమ్మ గీస్తావా’ అన్నాను. ‘వచ్చే నెలకి ఇది నాకు ఉంటుందో ఉండదో, నన్ను గియ్యనీ’ అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను? నీ నోరు కూడా గీశాడు. పడుచుకి పెట్టిన నోరు నీదే. అప్పటికి నీకు కింద రెండు పళ్ళే వచ్చాయి.”

“అయితే భూతం...” అన్నాను.

“కళ్ళు మీ అమ్మవి. చాచిన చేతులు మీ అమ్మవి. గోళ్ళు, పొలుసులు మీ నాన్న తర్వాత ప్రెస్సులో కూర్చుని పెట్టాడు. మొదటి అచ్చు తీసి ఇంటికి తీసుకెళ్తే మీ అమ్మ చూసి నవ్విన నవ్వుకి దగ్గొచ్చి ఉక్కిరిబిక్కిరైంది. ‘గోళ్ళు మరీ అంతేసి పెట్టారేమిటండీ’ అంది. తర్వాత చెయ్యి ఇలా నుదుటి మీద పెట్టుకుని, ‘నా గాటేదీ? పాప పెద్దయ్యాక నన్ను గుర్తుపట్టొద్దూ’ అంది. మీ నాన్న మళ్ళీ వచ్చి, రాయి మీద కనుబొమ్మని బ్లేడుతో గీరాడు, అచ్చులో తెల్లగా పడేలా. ఇప్పుడైనా చూసుకో తల్లీ. రాయి మీద ఎడమ కనుబొమ్మ గీరాడు కాబట్టి కాగితం మీద అది తిరగబడి కుడి కనుబొమ్మై ఉంటుంది. నీకు చెప్పాలా ఏమిటి, ఈ పనిలోనే పుట్టావు.”

రాయి మీద గీసింది తిరగబడుతుందని నాకు తెలియదా? పాలు తాగే వయసునుంచి తెలుసు. అయినా నలభై మూడు పోస్టర్లలో ఎడమ కనుబొమ్మలే వెతికాను. కుడివైపు ఉన్న ఒక్క గాటునీ నా చేత్తో నేనే పూడ్చాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

“బాబాయ్, దాన్ని నేను నింపేశాను. మడత దగ్గర పోయిన రంగనుకుని నింపేశాను. నాన్నకి చూపించాను కూడా.”

“తెలుసు” అన్నాడు ఆయన. “ఆ సాయంత్రం మీ నాన్న తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. ‘దానికి పని బాగా వచ్చిందిరా, గాటు ఎక్కడుండేదో నాకే దొరకలేదు’ అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్? ఒక్కమాట. ఒక్కమాట చెప్తే ఏం పోయేది?”

“నీ మంచం ఎదురుగా అతికించింది చెప్పడానికే కదమ్మా. నువ్వు దాన్ని చూసి హడలిపోయావు. దుప్పట్లో దాక్కున్నావు. ‘పిల్ల ఎవర్ని చూసి భయపడి ఏడ్చిందో, అదే నీ అమ్మ అని ఎలా చెప్పనురా. జీవితాంతం దానికి అమ్మంటే ఆ భయమే గుర్తుంటుంది’ అన్నాడు. నాతో ఒట్టేయించుకున్నాడు. మంచివాడే మీ నాన్న. పిరికివాడు.”

నాన్న మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం, అయినా వచ్చింది. మెట్లు దిగుతూ ఆయన్ని బాహాటంగానే తిట్టాను. బస్సులో పక్కసీటావిడ నన్ను చూసి సంచీ సర్దుకుని కొంచెం జరిగింది. మా వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం ఎటో పోయింది. బల్ల ముందు కూర్చుని కడిగిన కుంచెల్ని మళ్ళీ కడుగుతున్న నాన్నే కళ్ళ ముందు కనిపించాడు.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. చెక్కపట్టీలు విప్పి పోస్టరుని బల్ల మీద పరిచాను. పుల్లకి దూది చుట్టి, నీళ్ళలో ముంచి, అద్దుడుకాగితం మీద ఒత్తి, భూతం కుడి కనుబొమ్మ మీద పెట్టి మెల్లగా దొర్లించాను. ఇరవైరెండేళ్ళ నా చెయ్యి నింపిన రంగు ముందు కదల్లేదు. ముప్ఫైఆరేళ్ళు ఎండింది మరి. భయం వేసింది. రెండో పుల్ల కొంచెం ఎక్కువ తడిపి పెట్టాను. దూది కొస పచ్చబడింది. మూడోది నల్లబడింది. నియమం పెట్టిన నా గురువుకి, లోపల నవ్వుకున్న నా పొగరుకి ఒకేసారి దణ్ణం పెట్టుకున్నాను. పదకొండో పుల్లకి కింద తెల్లటి కాగితం కనిపించింది. మడత పక్కనుంచే పోయింది, దాన్ని ముట్టుకోలేదు. ఏటవాలుగా, వడ్లగింజ కంటే కొంచెం పొడుగ్గా, అంచులు తేటగా ఉన్న గీత. మడతకి లేచిన రంగు అంచులు అలా ఉండవు. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు ఎవరైనా ఆ తేడా చూడకపోతే నేను ఊరుకోను.

ఆరాక మళ్ళీ గోడకి బిగించాను. ఎదురుగా నిలబడి చూశాను. రెండు తెల్లకాగితాలు తీసుకుని, పొలుసులు, పళ్ళు కనపడకుండా పైనా కిందా అడ్డం పెట్టాను. కళ్ళు మాత్రం మిగిలాయి. చూస్తున్నాయిగానీ నన్ను కాదు. మ్యూజియం పిల్ల చెప్పినట్టు కిందకి, ఎక్కడో నేలకేసి చూస్తున్నాయి.

అప్పుడు నాకు తట్టింది.

నా మోకాళ్ళు అరిగి నాలుగేళ్ళైంది. నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. బల్లకాలు పట్టుకుని, మూలుగుతూ, ఒక కాలు ముందు ఒక కాలు తర్వాత మడిచి కూర్చున్నాను. ఇంకా చాలలేదు. పక్కకి ఒరిగి, మోచెయ్యి ఆనించి, పది నెలల పిల్ల తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తుకి తల దించాను.

మా అమ్మ నన్ను చూసింది.

ఎడమదాని బదులు కుడి కనుబొమ్మ మీద గాటుతో, అద్దంలో తనని తాను ఎలా చూసుకునేదో అలా ఉంది. చక్కగా ఉండేదని మేనత్త చెప్పింది నిజమే. ఆ కళ్ళలో నేనంటే ఎంత ఆశ ఉందంటే, రెండేళ్ళప్పుడు నేనెందుకు హడలిపోయానో ఇప్పుడు అర్థమైంది. అంత ఆశని పసిపిల్ల ఎలా తట్టుకుంటుంది? చేతులు చాచే ఉన్నాయి. యాభైఏడేళ్ళు దాటినా వెనక్కి తీసుకోలేదు. నాకు వాటిని పట్టుకోవాలనిపించింది. నేలమీదనుంచి అందలేదు. ఆ పడుచుకి నాన్న పెట్టిన నోరు నా ముఖంలోకి తిరిగొచ్చింది. అంతలా ఎప్పుడు ఏడ్చానో నాకు గుర్తులేదు, ఆ బొమ్మకే గుర్తుంది.

బల్ల మీద ఫోను మోగింది. లేవలేక చెయ్యి చాచి తడిమి అందుకున్నాను. మ్యూజియం అమ్మాయి.

“మేడమ్, ఎల్లుండి పొద్దున్నే వ్యాను పంపమంటారా?”

“ఇప్పుడే వద్దమ్మా” అన్నాను. “ఇస్తాను, మాట తప్పను. కొన్నాళ్ళాగి పంపు.”

“ఏమైంది మేడమ్, గొంతు అలా ఉంది? ఒంట్లో బాలేదా?”

“బానే ఉన్నాను. మా అమ్మ వచ్చింది.”

“అయ్యో, అమ్మగారు ఉన్నారని నాకు తెలియనే తెలియదు మేడమ్! ఎప్పుడొచ్చారు?”

“ఇప్పుడే” అన్నాను.

“సరే మేడమ్, మాకేం తొందర లేదు. అమ్మగారిని ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి” అంది ఆ పిల్ల.